నిండుకుంది

సరుకు ముందు నిలబడి ‘అయిపోయింది’ అనకూడదు. దిబ్బలవలస రొయ్యల షెడ్డులో ఇది గోడ మీద రాసిన రూలు కాదు. గోడ మీద రాసినవి చేతులు కడుక్కోవాలని, గోళ్ళు కత్తిరించుకోవాలని. ఆ రూళ్ళు తప్పినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఈ మాట తప్పినవాళ్ళు మాత్రం లేరు. ఐసు అయిపోతే ‘ఐసు నిండుకుంది’ అంటారు. టబ్బులో రొయ్య అయిపోతే ‘రొయ్య నిండుకుంది, ఇంకో టబ్బు తెండి’ అంటారు. ఇంట్లో బియ్యం డబ్బాకి అడుగు కనిపించినా అంతే, బియ్యం నిండుకున్నాయి. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. వాళ్ళకి వేరే పనేం లేదు, విన్న మాటకల్లా తథాస్తు అనడమే. ‘లేదు’ అన్నామంటే నిజంగానే లేకుండా పోతుంది. అందుకని లేనిదాన్ని నిండుగా చెప్పుకోవడం ఆ ఆడవాళ్ళు తల్లుల దగ్గర నేర్చుకున్న తెలివి.

ఇంత తెలివైన మాట ఒక యంత్రం చెవిన పడితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన మనిషి హైమావతి, ఆ ఊరి పిల్లే.

హైమకి ముప్పై రెండేళ్ళు. విశాఖపట్నంలో కొండ మీద, సముద్రం కనిపించే అద్దాల మేడలో పూర్ణ ల్యాబ్స్ ఉంది. అందులో తెలుగు మాటల్ని యంత్రానికి నేర్పే పని ఆమెది. అక్కడిదాకా ఆమెని చేర్చింది అక్క అప్పలనరసమ్మ. హైమ ఆమెని ఊరి అలవాటు ప్రకారం ‘అప్పా’ అంటుంది. నరసమ్మ ఇరవై అయిదేళ్ళుగా ఆ షెడ్డులో రొయ్య తల తీసి, పొట్టు వలిచి, నరం లాగుతోంది. మొదటి రోజు ఇచ్చిన నీలం టోపీయే ఇప్పటికీ. పసుపు టోపీ లైన్ లీడర్లది. నరసమ్మ చేతికింద పని నేర్చుకున్నవాళ్ళు నలుగురు పసుపు టోపీలు పెట్టుకుని ఆమె వెనకాలే నిలబడి ‘తొందరగా, తొందరగా’ అంటుంటారు. వాళ్ళలో ఒకడు మేనేజరుకి బావమరిది. మిగతా ముగ్గురి సంగతి చెప్పక్కర్లేదు.

అందుకే ‘పూర్ణ’ పట్టీ వచ్చినప్పుడు నరసమ్మ అందరికంటే ముందు మెడ చాపింది.

ఆ పట్టీ మెడ వెనక అంటించుకునే, వేలెడంత వెడల్పున్న మెత్తటి ముక్క. దాన్ని కనిపెట్టిన డాక్టర్ ప్రద్యుమ్న మొదటి రోజు షెడ్డుకే వచ్చి, రెండు కిలోల ఐసు గడ్డని చాచిన చేతిమీద పెట్టుకుని నిలబడ్డాడు. నిమిషం దాటగానే చెయ్యి వణికి గడ్డ జారిపోయింది. తర్వాత పట్టీ అంటించుకుని మళ్ళీ నిలబడ్డాడు. నాలుగు నిమిషాలు గడిచినా చెయ్యి కదల్లేదు.

“ఇందాక చెయ్యి దించింది నా కండ కాదమ్మా, నా భయం,” అన్నాడు. “శరీరం మహా పిసినారి. పదిపాళ్ళ సత్తువుంటే ఆరు మనకిచ్చి నాలుగు దాచేస్తుంది. ఈ పట్టీ ఆ దాచిన గది తలుపు తీస్తుంది. లోపల సత్తువ నిండుగా ఉంటేనే తీస్తుంది, లేకపోతే మూసేస్తుంది. ఉందో లేదో మీరే చెప్తారు. అరగంటకోసారి ‘ఎలా ఉన్నారు?’ అని అడుగుతుంది. మీ నరం ఏం చెప్పినా సరే, మీ నోటిమాటే చివరి మాట.”

నిండుగా ఉంటే ఆకుపచ్చ దీపం, ఖాళీగా ఉంటే ఎరుపు. షెడ్డులో మూడోవంతు పట్టీలు ఎర్రబడితే రొయ్యలు తెచ్చే బెల్టు దానంతటదే ఆగిపోవాలి. ఆ రూలు లేకుండా ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు, దాన్ని ఆఫీసులో కూర్చుని ఎవరూ మార్చలేరు. ప్రద్యుమ్న ఆ సంగతి గర్వంగా చెప్పుకున్నాడు. మంచివాడే. మంచివాళ్ళు తప్పు చేస్తే కనిపెట్టడం కష్టం, అదొక్కటే వాళ్ళతో చిక్కు.

ఎవరెంత ఎత్తుకి ఎదగగలరో పట్టీయే చెబుతుందని కంపెనీ ఊరంతా బోర్డులు కట్టింది. ఉద్యోగి పూర్తి సామర్థ్యానికి చేరడానికి ఇక ఎవరి సిఫారసూ అక్కర్లేదట. మొదటి వారంలో ‘అలిసిపోనాం’ అన్న ముప్పై మందికి ఎర్రదీపం వెలిగింది, సామర్థ్యం తక్కువని వాళ్ళని ఇంటికి పంపేశారు. మిగిలినవాళ్ళు పాతకాలపు మర్యాద తెలిసినవాళ్ళు. పట్టీ అడిగినప్పుడల్లా సరుకు ముందు చెడ్డమాట అనకుండా, ‘సత్తువ నిండుకుందమ్మా’ అన్నారు. దీపం ఆకుపచ్చగా వెలిగింది. లోపలి తలుపు బార్లా తెరుచుకుంది.

ఏడు నెలలు గడిచాయి. నరసమ్మ ఇద్దరి పని ఒక్కతే చేస్తోంది. శుక్రవారం నలభై ఒక్క ఫ్యాక్టరీల వాళ్ళు షెడ్డు చూడ్డానికి వస్తారని, వాళ్ళ ముందు ఆమెకి పసుపు టోపీ పెడతారని ఫోనొచ్చింది. ఆ కబురు విని హైమ ల్యాబ్‌లో అందరికీ కాజాలు పంచింది.

*

ఆదివారం మధ్యాహ్నం హైమ పసుపు టోపీకి సరిపోయే చీర ఒకటి కొని పట్టుకెళ్ళింది. నరసమ్మ వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి ఉంది. చెల్లెల్ని చూసి మొహం విప్పారింది గానీ ఆ విప్పారడం కాస్త ఆలస్యంగా జరిగింది, ఎవరో వెనకనుంచి గుర్తుచేసినట్టు.

“ఒచ్చావేటే. బియ్యం నిండుకున్నాయి, కొట్టుకాడికెల్లి బేగి తే. చీరలూ సింగారాలూ తరవాత.”

హైమ వెళ్ళి తెచ్చింది. అన్నం ఉడికింది. నరసమ్మ మసిగుడ్డ లేకుండా రెండు చేతులతో గిన్నె పట్టుకుని, వంచి, తీరిగ్గా గంజి వార్చడం మొదలుపెట్టింది.

“అప్పా, చెయ్యి.”

“ఏటి?”

“చెయ్యి కాలుతోంది. గిన్నె దించు.”

“కాలట్లేదే,” అంది నరసమ్మ. నిజంగానే ఆశ్చర్యపోయి అరచేతులు చూసుకుంది. రెండు చేతులూ ఎర్రగా పొంగిపోయి ఉన్నాయి. హైమ ఆమెని కూర్చోబెట్టి చేతులు నీళ్ళలో ముంచింది. నీళ్ళలో కూడా అప్ప వేళ్ళు ఊరుకోలేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి, లేని రొయ్య తల తుంచి, లేని పొట్టు వలిచి, లేని నరం లాగి, మళ్ళీ మొదలుపెడుతున్నాయి.

“ఎలా ఉన్నావప్పా? నాతో నిజం చెప్పు.”

“ఏటుంటాది. సత్తువ నిండుకుందే. లోపలంతా గరిటెట్టి గోకేసినట్టుంది.”

పట్టీని ఇంట్లో కూడా తీయకూడదని కంపెనీ రూలు. తను అడిగే ప్రశ్నే హైమ అడిగినట్టు, దానికి జవాబొచ్చినట్టు పట్టీకి అనిపించిందేమో, నరసమ్మ మెడ వెనక అది ఒకసారి మిణుక్కుమని చక్కటి ఆకుపచ్చగా వెలిగింది. నరసమ్మ వెన్ను దానంతటదే నిటారుగా అయింది. “లే, వడ్డించేత్తాను,” అంటూ లేచి నిలబడింది.

హైమ లేవలేకపోయింది. ఆమెకి ఏడు నెలల కిందటి మీటింగు గుర్తొచ్చింది.

గుర్తురావడం అంటే మరిచిపోయిందని కాదు. అద్దాల గదిలో పదకొండుమంది కూర్చున్నారు. పట్టీలు అంటించకముందు షెడ్డు ఆడవాళ్ళు ఆరువారాలు మాట్లాడిన మాటల్లో యంత్రానికి అర్థంకానివి తెర మీద వరసగా పడుతున్నాయి. ‘నిండుకుంది’ మూడువేల నూట పన్నెండు సార్లు వచ్చింది. ప్రద్యుమ్న పుట్టింది హైదరాబాదులో, పెరిగింది ఢిల్లీలో. “హైమా, ఇది ఫుల్ అనేనా?” అని అడిగాడు.

కాదు సార్, తిరగేసి చదవాలి, అని చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే బియ్యం డబ్బా సంగతి చెప్పాలి, డబ్బా అడుగున గ్లాసు గీసుకునే చప్పుడు చెప్పాలి, నెలకి రెండుసార్లయినా ఆ చప్పుడు వింటూ పెరిగానని చెప్పాలి. ఖరీదైన కాఫీ కప్పులు పట్టుకున్న ఆ పదిమంది మధ్యలోకి ఆ ఇంటిని తీసుకురావాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాటకేముంది, వేల మాటల్లో సర్దుకుపోతుందిలే అనుకుంది.

“ఫుల్ సార్,” అంది. ప్రద్యుమ్న టిక్కు పెట్టాడు. కింద ఆమె సంతకం చేసింది.

అలా అలసట అంతా యంత్రం లెక్కలో నిండుతనమైంది. మనిషి ఎంత అడుగంటితే పట్టీ అంత సంతోషించింది.

*

సోమవారం పొద్దున్న హైమ ప్రద్యుమ్న గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. మీటింగులో తను మింగేసిన మాటతో సహా చెప్పింది.

ఆయన అర్థంకానట్టు చూశాడు. “ఖాళీ అయినదాన్ని ఎవరైనా నిండిందని ఎందుకంటారు హైమా?”

“మా ఇళ్ళలో దీపం ఆరదు సార్, కొండెక్కుతుంది. మెడలో పుస్తెలతాడు తెగదు, పెరుగుతుంది. ఎవరూ వెళ్ళరు, వెళ్ళొస్తారు. లేదనే మాట అంటే ఉన్న కాస్తా పోతుందని భయం. ఆ భయం మీకు తెలియదు. నాకు తెలుసు, అయినా చెప్పలేదు. పోయిన నెల పైడితల్లి అనే ఆవిడ ఐసు టబ్బు పక్కన పడిపోయింది. రెండు రోజులు తన పేరు తనకి గుర్తులేదు. షుగరన్నారు. పడిన క్షణాన ఆవిడ పట్టీ ఏ రంగులో ఉందో చూడండి.”

ఆయన తెర మీద చూశాడు. ఆకుపచ్చ. ఆయన మొహంలో రంగు దిగిపోయింది. ఆ మొహం చూసి హైమ, బతికిపోయాం, ఇక పట్టీలు ఆపేస్తాడు, అనుకుంది. మనిషి ఎంత తెలివైనవాడైతే తప్పుని దాచడానికి అన్ని మంచి కారణాలు దొరుకుతాయని ఆమెకి తట్టలేదు.

“శుక్రవారం అయిపోనీ,” అన్నాడు ఆయన మెల్లిగా. “ఇప్పుడు తప్పని చెబితే పదేళ్ళ పని బూడిదవుతుంది. తర్వాతి వెర్షన్‌లో ఎవరికీ తెలియకుండా సరిచేద్దాం. అయిదు రోజులే కదా.”

“పైడితల్లి పడిపోవడానికి అయిదు రోజులు పట్టలేదు సార్.”

“భాషా విభాగాలన్నిటికీ నిన్ను చీఫ్ చెయ్యాలని బోర్డు అనుకుంటోంది. నీ పూర్తి సామర్థ్యానికి నువ్వింకా చేరలేదు హైమా. ఇంకొకటి కూడా ఆలోచించుకో. ఆ మాట కింద సంతకం నీది.”

“నాదే సార్. అందుకే వచ్చాను.”

మాటల పట్టికలో ఏ మార్పు చేయాలన్నా ఇద్దరి సంతకాలు కావాలి. హైమ సవరణ కాగితం అప్పటికే రాసి తెచ్చింది: ‘నిండుకుంది’ అంటే లేదు, ఖాళీ, అడుగంటింది. కింద సంతకం చేసి, పక్కన ఖాళీ వదిలి, ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చదివి మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు గానీ పెన్ను తీయలేదు. ఆ రోజే ఆమె కార్మిక శాఖకి ఉత్తరం రాసింది. పది పనిదినాల్లో జవాబిస్తామని వెంటనే జవాబొచ్చింది.

*

మంగళవారం షిఫ్టు దిగాక హైమ అప్పని వెంటబెట్టుకుని పైడితల్లి ఇంటికి వెళ్ళింది. పైడితల్లి వసారాలో చాప మీద కూర్చుని ఉంది. మనుషుల్ని ఇప్పుడు గుర్తుపడుతోంది గానీ వస్తువుల పేర్లు పోయాయి. చెంబు కావలసి, ‘అది, అది’ అంటూ చేత్తో గాల్లో గుండ్రంగా గీసింది. నరసమ్మ చెంబు అందించి, పక్కన కూర్చుని, ఆవిడ తల నిమిరింది. నిమురుతున్న చెయ్యి మధ్యలో ఆగి రొయ్య వలవడం మొదలుపెట్టింది. ఆ సంగతి నరసమ్మ కూడా చూసుకుంది. చెయ్యిని ఒళ్ళోకి లాక్కుని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

దారిలో, ఎండిన వలల పక్కన నిలబడి హైమ అంతా చెప్పింది. అప్ప కళ్ళలోకి చూడలేక ఇసక చూస్తూ చెప్పింది.

“అయితే ఆ ఆకుపచ్చ దీపం నా సత్తువ కాదేటి?” అంది నరసమ్మ.

“కాదప్పా. నీ దగ్గర ఏమీ మిగల్లేదని తెలిసిన ప్రతిసారీ అది వెలిగింది.”

“సుక్రారం నాకు పసుపు టోపీ ఎడతారు.”

“తెలుసు.”

“ఇరవయ్యైదేళ్ళయినాదే. మొగం సూసి ఇచ్చినోళ్ళే గానీ పని సూసి ఇచ్చినోళ్ళు నేరు. ఈ పట్టీ ఒక్కటే నన్ను సూసినాదనుకున్నాను.” ఆమె గొంతు మామూలుగానే ఉంది, అదే హైమని ఎక్కువ బాధపెట్టింది. “ఆ మాటకి అర్తం నీకు తెల్దా?”

“తెలుసు.”

“మరెందుకు సెప్పనేదు?”

“సిగ్గేసిందప్పా. మనింట్లో బియ్యం లేవని అంతమందిలో చెప్పాల్సొస్తుందని.”

నరసమ్మ పక్కనున్న వల అంచు సర్దింది. కొట్టినా బాగుండేదని హైమకి అనిపించింది.

“బియ్యం నేకపోడానికి నాకెప్పుడూ సిగ్గెయ్యనేదు,” అంది నరసమ్మ. “నేకపోతే ఎల్లి తెచ్చుకున్నాను. ఒకల దగ్గర దొంగతనం సెయ్యనేదు. సిగ్గు పడాల్సినోళ్ళు వేరే ఉన్నారే గుంటా. నువ్వు వాళ్ళ సిగ్గు కూడా మోసుకొచ్చావు.”

“ఇప్పుడు ఆపొచ్చప్పా. మీ నోటిమాటే చివరి మాట. పట్టీ అడిగినప్పుడు అయిపోయిందని ఒక్క మాట అనండి. డెబ్భై ఒక్కమంది అంటే బెల్టు ఆగిపోతుంది, ఎవరూ అడ్డుపడలేరు.”

నరసమ్మ చప్పున చెల్లెలి నోటిమీద చెయ్యి పెట్టింది. “సరుకు ముందా? ఆ మాటా? మా నోటంటా?” ఆమె కళ్ళలో నిజమైన భయం కనిపించింది. కాలిన చేతికి కూడా రాని భయం అది. “అదొక్కటీ అడక్కు,” అని, చెల్లెలి కోసం ఆగకుండా ఇంటిదారి పట్టింది.

*

శుక్రవారం పదకొండు గంటలకి షెడ్డు పైన అద్దాల వసారా నిండా తెల్లకోట్లు వేసుకున్న అతిథులున్నారు. వాళ్ళకి తెలుగు మాటలు విడమరిచి చెప్పే పని హైమది. ఆమె పక్కనే ప్రద్యుమ్న నిలబడ్డాడు. నాలుగు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. కింద బెల్టుకి రెండువైపులా రెండు వందల పన్నెండు నీలం టోపీలు, గోడ మీద పెద్ద తెర, తెర మీద రెండు వందల పన్నెండు ఆకుపచ్చ చుక్కలు. అతిథుల్లో ఒకాయన పొలం చూసినట్టుందని మెచ్చుకున్నాడు.

మేనేజరు నరసమ్మని బెల్టు మొదట్లోకి పిలిచి పసుపు టోపీ పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నరసమ్మ చీర అదే, హైమ కొన్నది. జవాబు అతిథులందరికీ వినిపించాలని మేనేజరు ఆమె చేతికి మైకు ఇచ్చాడు. అరగంట అయింది. రెండు వందల పన్నెండు పట్టీలు ఒక్కసారే మెత్తటి గొంతుతో అడిగాయి.

“ఎలా ఉన్నారు?”

నరసమ్మ మైకు వంక చూసింది. తర్వాత తన వేళ్ళ వంక చూసింది. వేళ్ళు ఊరికే ఉండలేక మైకు తీగని వలుస్తున్నాయి. పైన హైమ అద్దానికి దగ్గరగా జరిగింది. అప్ప తల ఎత్తి పైకి చూస్తుందేమో అనుకుంది. నరసమ్మ చూడలేదు. ఆమె తలమీది పసుపు టోపీ తీసి, స్టీలు బల్ల మీద రొయ్యల పక్కన జాగ్రత్తగా పెట్టింది. రెండు చెంపలూ వేసుకుంది. పైన తిరిగే దేవతలకి ముందుగానే క్షమాపణ చెప్పుకుంది కాబోలు.

“అయిపోయింది,” అంది.

మాట స్పీకర్లలోంచి షెడ్డంతా వినబడింది. రెండు వందల పదకొండు జతల చేతులు ఆగిపోయాయి. తెర మీద ఒక్క చుక్క ఎర్రబడింది. నరసమ్మ మెడ వెనక తలుపు మూసుకుంది. మూసుకోగానే ఇన్నాళ్ళ అలసటా ఒక్కసారే మీదపడి ఆమె మోకాళ్ళు వంగిపోయాయి, కాలిన అరచేతులు మంటెక్కి గట్టిగా మూలిగింది. బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది గానీ కూర్చోలేదు.

“అయిపోయింది,” అంది ఆమె పక్కనున్న గౌరమ్మ, తనూ చెంపలేసుకుని.

“అయిపోనాది,” అంది ఎదురుగా ఉన్న సూరమ్మ. “నిజంగా అయిపోనాదమ్మా. పోయిన్నెలే అయిపోనాది.”

ఆ తర్వాత పేర్లు చెప్పడం కుదరదు. చెంపలు వేసుకునే చప్పుడూ, ఆ మాటా, ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి వెళ్ళాయి. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ ఆ మాట నోట రానివ్వని ముసలివాళ్ళు అన్నారు. ఒకావిడ అంటూ ఏడ్చింది. ఒకావిడ అని నవ్వేసింది. మేనేజరు బల్లల మధ్య అటూ ఇటూ పరిగెత్తాడు. “అలా అనకండమ్మా. నిండుకుందనండి. ఎప్పట్లాగే నిండుకుందనండి,” అని చేతులు జోడించి బతిమాలాడు. ఆ మాట అంత దీనంగా అడుక్కున్న మగవాణ్ణి ఆ షెడ్డు అంతకుముందు చూడలేదు.

డెబ్భై ఒకటో చుక్క ఎర్రబడింది. బెల్టు ఆగింది.

బెల్టు ఆగాక సముద్రం వినిపించింది. అది షెడ్డుకి నూరడుగుల దూరంలోనే ఉంది, ఏడు నెలలుగా ఎవరూ వినలేదు.

మేనేజరు నరసమ్మ దగ్గరికొచ్చి పళ్ళు బిగించాడు. “టోపీ అక్కర్లేదా నీకు?”

మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. “టోపీ ఒద్దని ఎవులన్నారు?” అంది నరసమ్మ. “ఇరవయ్యైదేళ్ళ పనికిస్తే ఎట్టుకుంటాను, ఎట్టుకుని తలెత్తుకు తిరుగుతాను. పట్టీ ఎలిగినాదని ఇస్తే ఆ పట్టీకే ఎట్టుకోండి. నా సత్తువ నాది. ఉన్నాదో నేదో సెప్పాల్సింది నాను. నాను ఎంతవరకూ ఎదగ్గలనో సెప్పడానికి నా ఒంట్లో తలుపు తియ్యక్కర్నేదు, నా పని సూస్తే సాలు.”

పైన అతిథి ఒకాయన హైమ వైపు తిరిగాడు. “ఏమంటోందావిడ? ఇందాకటి దాకా వేరే మాట అన్నారు కదా, దానర్థం ఏమిటి?”

అదే ప్రశ్న, ఏడు నెలల తర్వాత. ఈసారి చుట్టూ నలభైమందికి పైనే ఉన్నారు.

“నిండుకుంది అంటే లేదని,” అంది హైమ. “మాది దిబ్బలవలస. మా ఇంట్లో బియ్యం తరచూ ఉండేవి కాదు. లేవని చెప్పకుండా నిండుకున్నాయి అనేవాళ్ళం. ఆ మాట నన్నే అడిగారు, ఫుల్ అని నేనే తప్పు చెప్పాను. ఆ ఆడవాళ్ళు ఏడు నెలలుగా అరగంటకోసారి మా దగ్గర ఏమీ మిగల్లేదని చెబుతూనే ఉన్నారు. మనం తీసుకుంటూనే ఉన్నాం.”

 ఆమె ప్రద్యుమ్న ముందు అరచెయ్యి చాచింది. ఆయన కోటు జేబులోంచి కాగితం తీశాడు. మడతల దగ్గర చిరుగులు పట్టి ఉంది, ఈ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు విప్పి చూసుకున్నాడో. అద్దానికి ఆనించి, ఆమె పేరు పక్కన తన పేరు రాశాడు. చెయ్యి వణికింది. పట్టీ లేదుగా మరి.

*

పట్టీ నలభై ఒక్క ఫ్యాక్టరీలకీ వెళ్ళలేదు. దిబ్బలవలసలో రెండు వందల పన్నెండూ ఊడదీసి పెట్టెలో పెట్టి సీలు వేశారు. మొదటి వారంలో ఇంటికి పంపేసిన ముప్పైమందీ ముందు మమ్మల్ని తీసుకోండని గేటు దగ్గర కూర్చున్నారు, ఇంకా కూర్చునే ఉన్నారు. హైమ ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. ఆమె సామర్థ్యానికి తగిన అవకాశం సంస్థలో లేదని రాశారు. ఆ ఉత్తరంలో ఆమెకి నచ్చిన వాక్యం అదొక్కటే. పసుపు టోపీ ఏమైందో తెలియదు. షెడ్డు మళ్ళీ తెరిచేనాటికి నరసమ్మ బల్ల మీద మాత్రం లేదు.

నరసమ్మ రెండు రోజులు ఏకధాటిగా పడుకుంది. మూడో రోజు లేచి, చేతులకి రాసిన మందు మండుతోందని తిట్టుకుంది. ఆ తిట్లు విని హైమకి ప్రాణం లేచొచ్చింది. వేళ్ళు ఇంకా అప్పుడప్పుడూ గాల్లో వలుస్తున్నాయి. అది ఎన్నాళ్ళకి పోతుందో డాక్టర్లు చెప్పలేదు. పైడితల్లికి నిన్న చెంబు పేరు గుర్తొచ్చిందట, వీధి వీధంతా పిలిచి చెప్పుకుంది.

హైమ వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా మూత తీసింది. గ్లాసు అడుగుకి తగిలి గీసుకుంది.

“అప్పా, బియ్యం అయిపోయాయి.”

వెనకనుంచి గరిటె కాడ వీపు మీద పడింది. గట్టిగానే పడింది. అప్ప చేతికి సత్తువ వస్తోందని హైమకి సంతోషం వేసింది.

“నోరు కడుక్కో. ఇంట్లో ఆ మాటేటే?”

“మరి షెడ్డులో నువ్వే కదా ముందన్నావు, అంతమందిలో, మైకులో.”

“అది కంపినీకి. అడిగినోడికి తెలుగు రాదు, అందుకని సెప్పినాను. మనింట్లో బియ్యానికేటి తెలుగు రాదా?” నరసమ్మ డబ్బా లాక్కుని మూత బిగించింది. “సరిగ్గా సెప్పు.”

“నిండుకున్నాయప్పా,” అంది హైమ.

“ఆఁ. ఎల్లి తేపో.”

హైమ గోడకున్న సంచీ తీసుకుని, వెళ్ళొస్తానని చెప్పి బయల్దేరింది.